పళ్లు పీకేలోగా సావేరి

పుంగనూరులో తాను మైకు పెట్టని పెళ్లి పెళ్లే కాదని హరినాథ్ అంటూండేవాడు. వేరేవాళ్లు ఆ మాట అనగా విన్నవాళ్లు లేరు గానీ, అందులో పూర్తిగా అబద్ధమూ లేదు. బస్టాండు వెనక సందులో ‘గంగమ్మ సౌండ్ సర్వీస్’ అని బోర్డు పెట్టి పదిహేనేళ్లు దాటింది. ఆరు గొట్టం స్పీకర్లు, రెండు ఆంప్లిఫయర్లు, ఒక డొక్కు వ్యాను. ఎవరింట పెళ్లైనా ముందురోజు సాయంత్రానికల్లా ఆ ఇంటి ముందు కరెంటు స్తంభం మీదికి హరినాథ్ స్పీకరు ఎక్కి కూచునేది. ఇక ఆ వీధిలో మనుషులు మాట్లాడుకోవాలంటే సైగలే గతి. దాన్నే హరినాథ్ క్లియర్ సౌండు అనేవాడు.

ఆ స్పీకర్లలోంచి పెళ్లిపెళ్లికీ వినబడేది ఆదెప్ప నాదస్వరం. ఆదెప్ప హరినాథ్ కంటే ఇరవై ఏళ్లు పెద్ద. తండ్రి దగ్గర నేర్చిన విద్య, నలభై ఏళ్లుగా ఊపిరి పోసి నిలబెట్టుకున్న విద్య. మేళం వచ్చి చాప మీద కూచోగానే హరినాథ్ పోయి నాదస్వరం చివర విచ్చుకుని ఉండే గిన్నెకు మైకును చేతిరుమాలుతో కట్టేసేవాడు. ఆమీదట ఆదెప్ప ఎటు తిరిగితే మైకూ అటే తిరిగేది, గట్టిమేళంలో ఆయన నాదస్వరం పైకెత్తితే మైకూ పైకి లేచేది. చుట్టుపక్కల మైకు సెట్ల వాళ్లంతా చేసే పనే అది. అయినా ముడి వెయ్యడంలో తనంత వాటంగా ఎవరూ వెయ్యలేరని హరినాథ్‌కు లోలోపల గర్వం.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో పాత ఆంప్లిఫయర్ బాగుచేయించడానికి బెంగుళూరు పోయినవాడు ఆంప్లిఫయర్ సంగతి మరిచిపోయి ఒక కొయ్యపెట్టెతో తిరిగొచ్చాడు. అక్కడెక్కడో రికార్డింగ్ స్టూడియో మూసేస్తున్నారట, సామాన్లు తెగనమ్ముతున్నారట. పెట్టెలో మఖమల్ గుడ్డ మీద రెండు మైకులు పడుకుని ఉన్నాయి. కండెన్సర్ మైకులు, జత. ఒక్కొక్కటీ చూపుడువేలంత పొడవు. వీటితో పాటు ఒక మంచి క్యాసెట్ డెక్కు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు. భార్య పెట్టెలోకి తొంగిచూసి, “ఇంత చిన్నవి యాడ వినిపిస్తాయి?” అని తీసిపారేసింది.

వినిపించడం వాటి పని కాదని, వినడం వాటి పని అని హరినాథ్‌కు కూడా అప్పుడు తెలియదు. ఆ సాయంత్రం మైకులు తగిలించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని అంగట్లో కూచున్నాడు. సందు చివర ఎవరో చీపురు పట్టి ఊడుస్తున్నారు. నాలుగిళ్ల అవతల అత్త కోడల్ని తిడుతోంది, కోడలు గొణుగుతోంది. ఆ గొణుగుడు కూడా వినబడింది. వారం రోజుల పాటు వినబడిందల్లా రికార్డు చేశాడు. దోసె పెనం మీద పడే చప్పుడు, తాళాల గుత్తి, టైరు పంక్చరు వేసే వాడి పంపు. అంగట్లోకి వచ్చినవాళ్లందరికీ వినిపించి, “ఇవి ఉండేది ఉండేట్టు చెప్తాయప్పా. అబద్ధం తెలీదు వీటికి” అనేవాడు. ఆ మాట అన్నందుకు తర్వాత లెంపలేసుకున్నాడు.

ఆ వారంలోనే ఆదెప్ప బుగ్గ వాచి అంగడికొచ్చాడు. ఏమైందన్నా అంటే, మదనపల్లె పండ్ల డాక్టరు దగ్గరికి పోయొచ్చానన్నాడు.

“పైవరసలో ముందర పండ్లు నాలుగూ పీకెయ్యాలంటాడప్పా. చీము దవడ ఎముకలోకి దిగతా ఉండాదంట. బేస్తవారం రమ్మన్నాడు.”

“మరి వాయించేది?”

“పెదివికి ఎనక పన్ను ఆనుకోకపోతే రెల్లుపీక యాడ నిలస్తాది? గాలంతా పక్కల్లోకి పోతాది.”

“కట్టుడు పండ్లు పెట్టుకుంటే?”

“మా మేనమామ పెట్టుకున్నాడు. గట్టిమేళంలో దమ్ము పట్టేసరికి ఊడొచ్చి తలంబ్రాల పళ్లెంలో పడినాయి” అని ఆదెప్ప నవ్వబోయి, బుగ్గ పట్టుకుని ఆగిపోయాడు.

హరినాథ్‌కు నవ్వు రాలేదు. పెళ్లిళ్లకేం, ఆదెప్ప కాకపోతే ఇంకొకరు వస్తారు, సినిమాపాటలే కదా అందరూ అడిగేది. రాగం ఎత్తుకుంటే మూడు నిమిషాలు దాటకముందే ఎవరో ఒక పెద్దమనిషి లేచి ఫలానా పాట వాయించమంటాడు. కానీ ఆదెప్ప దగ్గర ఒక సావేరి రాగం ఉంది. తండ్రి నేర్పింది. రోజూ తెల్లవారుజామున ఇంట్లో కూచుని అరగంట వాయించుకునేవాడు. పెళ్లి పందిట్లో దానికి చోటు ఎప్పుడూ దొరకలేదు. అప్పుడప్పుడూ ఒక ముక్క వినబడి తెగిపోయేది. నాలుగు పళ్లతో పాటు అది కూడా పోతుంది. ఆదెప్పకు పిల్లలు లేరు, శిష్యులు బ్యాండు మేళాల్లోకి పోయారు. ఇక దాన్ని వాయించేవాడు ఉండడు.

“ఆదివారం మీ ఇంటికొస్తా అన్నా. సావేరి క్యాసెట్టులో ఎత్తుకుంటా” అన్నాడు హరినాథ్.

ఆదెప్ప తల వంచుకుని కాసేపు గోరు గిల్లుకున్నాడు. “అంత పెద్దదేం కాదులే అది” అన్నాడు. కానీ ఆదివారం హరినాథ్ పోయేసరికి ఉతికిన పంచె కట్టుకుని, నుదుట విభూతి పెట్టుకుని, నట్టింట్లో చాప పరుచుకుని కూచుని ఉన్నాడు.

హరినాథ్ ఏం చేశాడో ఎవరైనా ఊహించగలరు. జేబులోంచి చేతిరుమాలు తీశాడు. ఒక మైకును నాదస్వరం కింది గిన్నెకు కట్టాడు. రెండోదాన్ని స్టాండుకు బిగించి వేళ్లకు జానెడు దూరంలో పెట్టాడు. డెక్కు మీద శబ్దం కొలిచే ముల్లు ఎర్రగీత దాటి కొట్టుకుంటుంటే కాస్త తగ్గించాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు గానీ, నాదస్వరం నాలుగడుగుల దూరంలో మోగుతుంటే హెడ్‌ఫోన్లలో ఏముందో బయటేముందో ఎవరికి తెలుస్తుంది? అంతా బ్రహ్మాండంగా ఉందనుకున్నాడు. ఆదెప్ప ఇరవై నిమిషాలు వాయించి, పీక తీసి తుడుచుకుని, “పెట్టు, విందాం” అన్నాడు.

పెట్టాడు.

రేకు చింపినట్టుంది. పైస్థాయికి పోయినప్పుడల్లా చెవిలో పుల్ల పెట్టి గీకినట్టుంది. స్వరం కంటే ముందు వేలు పడిన చప్పుడు, ఊపిరి బుసలు, పీకలో ఎంగిలి గురగుర. కింది స్థాయిలో ఏం వాయించాడో అసలు తెలియడం లేదు. హరినాథ్ గబగబా ఏదేదో తిప్పాడు. ఏది తిప్పినా అదే.

ఆదెప్ప మొహం చూడటానికి హరినాథ్‌కు ధైర్యం చాలలేదు.

“ఇదా నేను వాయించేది?” అన్నాడు ఆదెప్ప.

“రవ్వంత ట్రెబుల్ తగ్గిస్తే సరిపోతాదన్నా…”

“నువ్వే కదప్పా చెప్పినావు, వీటికి అబద్ధం తెలీదని.” ఆదెప్ప గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. “నలభై ఏండ్లు. ఈ గోల వాయించినదానికా శాలువాలు కప్పినారు? పాపం, ఎవురూ బయటికి చెప్పలేకపోయినారు. మర్యాదస్తులు.”

ఆయన నాదస్వరం గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. బేస్తవారం దాకా ఎందుకు, రేపైనా పీకించుకుంటానన్నాడు. డాక్టరు గురువారమే వస్తాడు కాబట్టి సరిపోయింది.

మరునాడు పొద్దున్నే ఆదెప్ప భార్య చిన్నక్క అంగడి ముందుకొచ్చి నిలబడింది. ఎప్పుడూ గడప దాటి రాని మనిషి. “తెల్లారకముందే మొబ్బులో లేసినాడు. మొగం కడుక్కున్నాడు. చాప మీద కూసున్నాడు. కూసున్నోడు కూసున్నట్టే ఉండాడు” అంది. “ఏం చేసినావప్పా నువ్వు ఆయప్పను?”

పదిహేనేళ్లుగా మైకులు కట్టిన హరినాథ్, ఒక మనిషి విద్యను ఆ మనిషి ముందే చెత్తగా చూపించాడు. దాన్ని మించిన పాపం తన వృత్తిలో ఇంకోటి ఉండదని వాడికి అర్థమైంది. ఏం తప్పు చేశాడో మాత్రం అర్థం కాలేదు.

అప్పుడు గుర్తొచ్చాడు కుప్పం భీమరావు. రేడియోలో రికార్డింగ్ పని చేసి రిటైరైన పెద్దాయన. నాలుగేళ్ల కింద కుప్పంలో ఒక స్కూలు వార్షికోత్సవానికి హరినాథ్ మైకు పెడితే అది గుయ్యిమని కూతపెట్టింది. ముందు వరసలోంచి ఈయన లేచి నలుగురిలో కడిగేశాడు. ఆ రోజు నుంచి హరినాథ్ కుప్పం వైపు బేరాలే ఒప్పుకోలేదు. ఇప్పుడు మానం మర్యాద చూసుకునే టైము కాదు. మంగళవారం పొద్దున క్యాసెట్టు జేబులో పెట్టుకుని, పలమనేరులో బస్సు మారి, మధ్యాహ్నానికి ఆయన గుమ్మం ముందు నిలబడ్డాడు.

భీమరావు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అర నిమిషం విని తీసేశాడు.

“ఇందులో ఎవరినైనా చంపుతున్నారా?”

“లేదు సార్. నాదస్వరం.”

“మైకు ఎక్కడ పెట్టావు?”

హరినాథ్ చేతిరుమాలు సంగతి చెప్పాడు. భీమరావు కళ్లు మూసుకున్నాడు, దేవుణ్ణి తలుచుకుంటున్నట్టు. తర్వాత నెమ్మదిగానే అడిగాడు. “సరే, ఒకటి చెప్పు. ఆయన వాయిస్తుంటే నువ్వు ఎక్కడ కూర్చుని వింటావు?”

“ఆంప్లిఫయర్ దగ్గర సార్.”

“ఆంప్లిఫయర్‌ని కాదయ్యా. ఆయన్ని. మైకు లేకుండా.”

హరినాథ్ వెనక్కి లెక్కేసుకున్నాడు. పదిహేనేళ్లలో ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని ఊరేగింపులు. ప్రతిదాంట్లో తన మైకు ఉంది, తన గొట్టం ఉంది. ఆదెప్ప నాదస్వరాన్ని మైకు లేకుండా ఒక్కసారీ వినలేదు. ఆదివారం కూడా, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముల్లు వైపు చూస్తూ కూచున్నాడు. ఏది ఎలా ఉండాలో తెలియనివాడు ఇంకొకరికి ఏం పట్టివ్వగలడు?

భీమరావు కాఫీ తెప్పించాడు. తాగేటప్పుడు చెప్పిన పాఠం చిన్నదే. నాదస్వరం ఒక్క గిన్నెలోంచే మోగదు, వేళ్ల కింది చిల్లులన్నిటిలోంచీ మోగుతుంది. ఆ నాదమంతా కలిసి ఒకటి కావాలంటే దానికి కొంత దూరం కావాలి, కాస్త ఇల్లు కావాలి. “ఒక చెవి మూసుకో. మైకుకు ఉండేది ఒక చెవే. ఆయన వాయిస్తుంటే ఇల్లంతా తిరుగు. దగ్గరికి పోవాలనిపిస్తుంది, పోవద్దు. నీ కాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ మైకులు పెట్టు” అన్నాడు. గుమ్మం దాకా వచ్చి ఇంకోమాట అన్నాడు. “ఆ క్యాసెట్టు మాత్రం చెరిపెయ్యి. దాన్ని ఎవరికైనా వినిపించావంటే పోలీసు కేసవుతుంది.”

బుధవారం సాయంత్రం హరినాథ్ ఆదెప్ప ఇంటికి వట్టి చేతులతో పోయాడు. ఆదెప్ప గోడకానుకుని కూచుని ఉన్నాడు. బుగ్గ వాపు కొంచెం తగ్గింది. తలుపు తీసిన చిన్నక్క వెనక వాకిలి వైపు పోయింది.

“మళ్లా ఏమన్నా తెచ్చినావా?” అన్నాడు ఆదెప్ప.

“ఏమీ తేలేదన్నా. సూడు.” రెండు చేతులూ చాపాడు. “నేను నిన్ను ఎప్పుడూ వినలేదన్నా.”

“ఏం మాట్లాడతాండావప్పా? ఎన్ని పెండ్లిండ్లు చేసినాం ఇద్దరం?”

“ఆడ విన్నేది నా స్పీకర్ను. నిన్ను వినలేదు. మొన్న కూడా తప్పు నాది. తుపాకి నోట్లో చెవి పెట్టి, శబ్దం బాగలేదన్న మాదిరి చేసినా. రేపు పండ్లు పోతాయి. ఒక్కసారి, మైకు లేకుండా, నా చెవులతో వింటానన్నా. ఇదొక్కటీ కాదనొద్దు.”

ఆదెప్ప లేచి అటక మీద చెయ్యి పెట్టాడు.

సావేరి మొదలైంది. హరినాథ్ ఎడమ చెవిలో వేలు పెట్టుకుని ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాడు. ఆదెప్పకు ఎదురుగా నిలబడ్డాడు. గట్టిగా ఉంది, కుడివైపు చెవి చిల్లు పడేట్టుంది. పక్కకు జరిగాడు. వీధి వాకిట్లోకి పోయాడు. అక్కడ నాదస్వరం కంటే ఎదురింటి మిక్సీ ఎక్కువగా వినబడింది. మళ్లీ లోపలికొచ్చి, ధాన్యం గాదె పక్కన కూచున్నాడు, లేచాడు, గోడకు చెవి పెట్టాడు. తప్పిపోయిన దూడలా ఇల్లంతా తచ్చాడుతుంటే వెనక వాకిలి నుంచి నవ్వు వినబడింది.

“చెవుపోటా అప్పా?” అంది చిన్నక్క.

వెనక వాకిలి గడప పక్కన గోనెసంచి పరుచుకుని ఆమె విత్తనాల సెనక్కాయలు వలుస్తోంది. పక్కన పొట్టు కుప్ప. కాయను చితకకుండా, గింజ పొర ఊడకుండా వేళ్లతోనే వలవాలి. మిషనులో వలిస్తే గింజ పగిలి మొలక రాదు. రైతులు మూటలు తెచ్చి దించిపోతే ఇక్కడే కూచుని వలిచి పెడుతుంది.

హరినాథ్ వేలు తియ్యకుండానే భీమరావు చెప్పింది చెప్పాడు. ఆమె చేతిలో కాయ పక్కన పెట్టింది.

“దానికి ఇల్లంతా తిరిగేది యాల? నన్నడిగితే చెప్తాను కదా” అని లేచి, గోనెసంచి చూపించింది. “ఈడ కూసో. రవ్వంత ఇట్లా, గోడ పక్కకి. తల వంచుకో, పనిలో ఉండే మాదిరి.”

కూచున్నాడు. తల వంచుకున్నాడు.

మట్టిగోడల నట్టిల్లు దాటి, మధ్య గది దాటి, గాదె పక్కనుంచి వచ్చేసరికి ఆ నాదంలో గరుకంతా ఎక్కడో రాలిపోయింది. ఇక్కడ నాదస్వరం గట్టిగా లేదు, నిండుగా ఉంది. పైకి పోయిన స్వరం గుచ్చుకోవడం లేదు, పోయి తిరిగొస్తోంది. కింద మంద్రస్థాయిలో ఆదెప్ప ఇంత పని చేస్తాడని, ఆ స్వరాలను ఒక్కొక్కటే ఇంత ఓపికగా నిలబెడతాడని హరినాథ్‌కు నిజంగానే తెలియదు. వాడి చెవిలోంచి వేలు దానంతటదే దిగిపోయింది. కళ్లు తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని పొట్టు కుప్ప వైపు తిరిగాడు.

“ముప్పై ఏండ్ల నుంచి ఈ తావే నాది” అంది చిన్నక్క. “పెండ్లిండ్లకు నేనెప్పుడూ పోలేదు. మేళగాండ్ల ఇండ్లలో ఆడోళ్లు పోయే వాడిక లేదు.”

“వదినా, రేపొక్క పూట ఈ తావు నాకియ్యి” అన్నాడు హరినాథ్.

“ఇస్తా. మరి నేను యాడ కూసునేది?”

“ముందర కూసో. ఆయప్పకు ఎదురుగా.”

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, “పోప్పా” అంది. అయినా కాదనలేదు.

బేస్తవారం తెల్లవారుజామున హరినాథ్ ఆ గడప పక్కనే గోనెసంచి మీద మైకు స్టాండు నిలబెట్టాడు. రెండు మైకులూ పక్కపక్కనే, జానెడు ఎడంగా, కూచున్న మనిషి తల ఉండేంత ఎత్తులో. కరెంటును నమ్ముకోకుండా బ్యాటరీ తెచ్చుకున్నాడు. పాల సైకిలు వాణ్ణి సందు మొగదల్లోనే ఆపి, గంట కొట్టొద్దని చెప్పొచ్చాడు. డెక్కు మాత్రం పెరట్లో, తలుపవతల పెట్టుకున్నాడు, హెడ్‌ఫోన్లలో పట్టినదే వినబడాలని. ముల్లు ఎర్రగీత దరిదాపులకు కూడా పోలేదు. మొదట్లో భయమేసింది, ఇంత తక్కువ పెట్టడం వాడి జన్మలో లేదు. భయాన్ని మింగి ఊరుకున్నాడు.

నట్టింట్లో చిన్నక్క భర్తకు ఎదురుగా చాప అంచున కూచుంది. పనిలేని చేతుల్ని ఆమె ఒళ్లో పెట్టుకుంది. ఆదెప్ప ఆమెను చూసి కొంచెం తికమకపడి, కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు.

ఇరవై రెండు నిమిషాలు. పళ్లు నొప్పి పెడుతున్నాయని మధ్యలో ఒకటి రెండు చోట్ల ఊపిరిని బట్టి తెలిసింది. ఆయన ఆపలేదు. మదనపల్లె బస్సు ఎనిమిదింటికి. ఇంకా గంటన్నర టైముంది.

హరినాథ్ డెక్కు లోపలికి తెచ్చి, క్యాసెట్టు మొదటికి తిప్పి, హెడ్‌ఫోన్లు ఆదెప్ప చెవులకు పెట్టాడు. ఈసారి ముందుమాటలేవీ చెప్పలేదు. మైకులు గొప్పవనీ అనలేదు, అబద్ధం చెప్పవనీ అనలేదు. గోడ పక్కన కూచుని ఆయన మొహం వైపే చూశాడు. ఆదెప్ప ఈ క్యాసెట్టు కూడా కాదంటే ఇంకోసారి వాయించడానికి పళ్లుండవు. నలభై ఏళ్లు గోల చేశానన్న నమ్మకంతోనే ఆయన మిగతా జీవితమంతా గడపాలి. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

మొదట ఆదెప్ప నొసలు ముడతపడింది. తర్వాత మెల్లగా సడలింది. వేళ్లు మోకాలి మీద కదలడం మొదలుపెట్టాయి. పది నిమిషాలు గడిచాయి. హరినాథ్ ఊపిరి వదిలాడో లేదో, ఆదెప్ప చెయ్యెత్తి, “ఆపు” అన్నాడు.

హరినాథ్ వేలు మీట మీదికి పోయింది. ఆపాడు.

“గాంధారంలో శ్రుతి తగ్గింది” అన్నాడు ఆదెప్ప. “కిందికి దిగొచ్చే తావ. అంత తగ్గగూడదు. మా నాయన ఉంటే చెవి పట్టుకునేవాడు.”

“టైముంది అన్నా. మళ్లా ఎత్తుకుందాం. ఇప్పుడే మైకులు…”

“కూసోప్పా.” ఆదెప్ప మొహంలో నవ్వు చూసి హరినాథ్ ఆగిపోయాడు. వాచిన బుగ్గతో ఒకవైపే నవ్వుతున్నాడు. “మొన్నటిదాంట్లో ఒప్పేదో తప్పేదో తెలియలేదు. దాంట్లో మనిషే లేడు. ఈడ నేనుండాను. ఇది నేను చేసిన తప్పే. నేను కాక ఇంకెవురూ ఇట్లా తగ్గించరు.” చేత్తో మోకాలి మీద చరిచాడు. “నొప్పికి జారింటాది పెదివి.”

“నొప్పికి కాదు” అంది చిన్నక్క.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు, క్యాసెట్టు వినలేదు. ఆదెప్ప ఏ చోటు గురించి చెబుతున్నాడో వినకుండానే ఆమెకు తెలిసిపోయింది.

“పైకి పోయి, రవ్వంత నిలబడి, మెల్లింగా దిగొస్తావే, ఆడ కదా? నేను ఈ ఇంటికొచ్చిన కాణ్ణుంచి ఆడ అట్లనే వాయిస్తాండావు. పండ్లు గట్టిగా ఉన్నెప్పుడు కూడా.” ఆమె చాప అంచు సర్దింది. “ఆ తావ వచ్చేసరికి నాకు చెయ్యి ఆడదు. కాయ వలిసేది ఆపేసి వింటాను.”

ఆదెప్ప చిన్నపిల్లాడు అలిగినట్టు, “ముప్పై ఏండ్లు తప్పు వాయిస్తా ఉంటే ఒక్క మాట చెప్పగూడదా నాకు?” అన్నాడు.

“చెప్తే దిద్దుకుంటావని చెప్పలేదు” అంది చిన్నక్క.

ఆదెప్ప హెడ్‌ఫోన్లు తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె అటూ ఇటూ తిప్పిచూసి, ఎలా పెట్టుకోవాలో తెలియక మళ్లీ ఆయనకే ఇచ్చింది. ఆయనే ఆమె చెవులకు పెట్టాడు.

“రవ్వంత ఎనక్కి తిప్పు, హరినాథూ” అన్నాడు. “ఆ గాంధారం ముందరికి.”

హరినాథ్ తిప్పాడు. ఒకసారి, మళ్లీ ఇంకోసారి. ఎనిమిది గంటల బస్సు సందు మొగదల్లో హారన్ కొట్టి వెళ్లిపోయింది. వాళ్లు ముగ్గురూ తొమ్మిదిన్నర బస్సుకు మదనపల్లె పోయారు.